మన్నుకు నంబరెయ్యలే

ఈశాన్యం కంబానికి ఒకటి.
పక్కదానికి రెండు.
సుద్దముక్కతోని నంబర్లేసుకుంట
ఇల్లును ఇప్పుతున్న.

శంకర్‌పల్లి అవతల ఊరు, నాలుగర్రల భవంతి,
నడుమ గచ్చు, గచ్చు మీద చదరంగ ఇంత ఆకాశం.
కొన్నోళ్లు మాదాపూర్‌ల హోటల్ పెడుతున్నరు.
మనిషికి రెండువేల భోజనం
పాత ఇంట్లనే అరుగుతదట.

ముప్పై రెండు కంబాలు.
నూటపది వాసాలు, పదకొండు చెదలు తిన్నయి.
గూనపెంకలు నాలుగువేలు దాటినంక లెక్క విడిచిన.
దర్వాజ మీది చిలుకకు ముక్కు లేదు,
దాన్ని విడిగ తువ్వాలల చుట్టిన,
నంబరెయ్య మనసొప్పలే.

ఇగ గోడలు.
మూరన్నర మందం మన్నుగోడలు.
చెంప ఆనిస్తే నడి ఎండకాలం గూడ
కుండ అడుగు లెక్క సల్లగ.
గడ్డపార దిగంగనే
వరిగడ్డి పోచలు, ఇంకా పచ్చిపసుపు రంగుల,
ఒక గవ్వ,
ఎవలిదో బొటనవేలు గుర్తు.
సుద్ద రుద్దిన. రాలిన మన్నుతోనే అంకె రాలిపోయింది.

"దీనికేం నంబరు మామా?" అన్నడు శ్రవణ్‌గాడు.
ఇంజినీరుకు ఫోన్ చేసిన.
"వదిలెయ్ చారీ, అక్కడ బ్లాకులు కట్టి
మట్టి రంగేస్తం. ఎవ్వలికీ తెల్వది."

మొదటి కంబం లేపినప్పుడు
అడుగున ఒక గాటు కనవడ్డది, పగులనుకున్న.
ఎనిమిదోది లేపితే
రాతిపీటల దూరే మొన మీద ఎనిమిది ఉలిగాట్లు.
ఎవడో నాకంటే ముందు
ఈశాన్యం నుంచే మొదలువెట్టి
ఈ ఇంటినే ఇప్పిండు.

ఉప్పరి మణెమ్మ తంబాకు నలుపుకుంట చెప్పింది:
"గండిపేట కట్టినప్పుడు మునిగిన ఊరిదట బిడ్డా ఈ ఇల్లు.
కర్రంత ఎడ్లబండ్ల మీద ఒచ్చింది, మా తాత చెప్పేటోడు."
మరి మన్ను?
నవ్వింది. "మన్నును ఎవడన్న మోస్తడా?
పోయిన కాడ ఉండనే ఉంటది గదా."

మాదాపూర్‌ల మా పక్క జాగల సెల్లారు తవ్వుతున్నరు,
నలభై అడుగుల గుంత.
రాత్రిపూట టిప్పర్లు ఎర్రమన్నును ఎత్తుకపోయి
ఏడనో పారబోస్తున్నయి.
ఒక డ్రైవరుకు ఐదువందలిచ్చి మా కాడ ఒంపించిన.
ఆర్కిటెక్టు మేడం పిడికెడు తీసి వాసన చూసింది.
చానసేపు చూసింది.
"ఎనక, గ్యాస్ సిలిండర్ల కాడ, ఒక్క గోడ" అన్నది.
"ఎవ్వలికీ చెప్పకు."

మణెమ్మ బస్సెక్కి ఒచ్చింది.
చీర కుచ్చెళ్లు ఎగజెక్కి మన్ను తొక్కుతుంటే
కంచె అవతల కంపెనీ పిల్లలు ఫోన్లు ఎత్తిన్రు.
ఒకడు బూట్లిప్పి, "నేను తొక్కొచ్చా?" అన్నడు.
"మెడల ఆ పట్టెడ తీసి రా నాయనా,
మన్నుల వడితే నువ్వెవలివో మళ్ల దొరకవు" అన్నది.

దినానికి మూరెడే.
ఆరినంకనే ఇంకో మూర.
కాంట్రాక్టరు గడియారం చూసిండు,
గుంత అవతల ఒక్క రాత్రిల స్లాబు పడ్డది.
మాది మోకాలు దాటలే.

ఇయ్యాల హోటల్ నడుస్తున్నది.
నా సుద్ద అంకెల్ని తుడవలే,
డిజైననుకొని వార్నిష్ కొట్టిన్రు.
ఎనిమిదో కంబానికి ఆనుకొని జనం ఫోటోలు దిగుతరు.
పీట లోపలి ఎనిమిది గాట్లు
దానికీ నాకే ఎరుక.
ఎనక గోడకు మాత్రం పగటీలి
గిన్నెలు కడిగే అస్సాం పిల్లలు ఈపులానిచ్చి
కండ్లు మూసుకుంటరు.

మొన్నటి వానకు ఒక మూల జారింది.
భయపడి మణెమ్మకు ఫోన్ చేస్తే
"జారుతది మరి. ఏడాదికోపారి చెయ్యి తాకాలె దానికి,
పేడ కలిపి అలుకు" అని పెట్టేసింది.

మూడు దినాల సంది
మాదాపూర్‌ల పేడ ఏడ దొరుకుతదని
కనవడ్డోళ్లనల్లా అడుగుతున్న.